సర్ ఆర్థర్ కాటన్

విజయవాడ నగరమున గుణదల కొండకు సమీపములో పడవలరేవు అను పేరుగల చోటు ఒకటి కలదు. నేడు అచ్చట పడవలు ఆగవు, బస్సులు ఆగును. అయినను ఆ పేరు చెదరక నిలిచియున్నది. ఒకప్పుడు ఏలూరు కాలువ పొలములకు నీటిని అందించుటయే కాక, ఊరినుండి ఊరికి ధాన్యమును, సరకులను, మనుష్యులను గూడ చేరవేసెడిది. బెజవాడలో బయలుదేరిన పడవ ఏలూరు చేరి, అచ్చట గోదావరి కాలువలో ప్రవేశించి, రాజమహేంద్రవరము వైపు సాగిపోయెడిది. రెండు మహానదులను ఒకే నీటిబాటతో కలిపిన ఈ ఏర్పాటు వెనుక ఒక ఇంజనీరు జీవితకాలపు తపన కలదు. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తలిదండ్రులకు కలిగిన పదునొకండుగురు కుమారులలో ఆయన పదవవాడు. పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి, అచ్చట గణితమును, కొలతలను, కట్టడముల విద్యను నేర్చెను. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము లభించెను. 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన మద్రాసు రేవున దిగెను. పిదప కొంతకాలము బర్మా యుద్ధమున పనిచేసెను. కాని యుద్ధముకన్న నీరే ఆయన మనస్సును ఎక్కువగా ఆకర్షించెను.

1828 నాటికి కాటన్‌కు కావేరీ ప్రాంతపు నీటిపనులను పరిశీలించు బాధ్యత అప్పగింపబడెను. అక్కడ ఆయనకు ఒక గొప్ప గురువు లభించెను. ఆ గురువు మనిషి కాదు. కల్లణై అను పురాతనమైన ఆనకట్ట. చోళరాజగు కరికాలుడు సుమారు రెండువేల యేండ్ల క్రిందట దానిని కట్టించెనని ప్రతీతి. లోతైన ఇసుకమీద, వరదలు పొంగెడి నదిలో, ఆ రాతికట్ట అన్ని శతాబ్దములు ఎట్లు నిలిచెను? కాటన్ ఈ ప్రశ్నను పట్టుకొని దాని నిర్మాణమును శ్రద్ధతో పరిశీలించెను. ఇసుకలో గట్టి పునాది దొరకనప్పుడు, నదిని బలవంతముగా ఎదుర్కొనక, ఎత్తు తక్కువగల వెడల్పైన కట్టను నిర్మించి, వరదను దానిపైనుండి పోనిచ్చుటయే పూర్వులు కనిపెట్టిన కిటుకు అని ఆయన గ్రహించెను. ఈ విద్యను తాను భారతీయులనుండియే నేర్చితినని ఆయన తరువాతి కాలమున దాపరికము లేక ఒప్పుకొనెను.

కల్లణై నిలుచుటకు మరియొక కారణము గూడ కలదు. ఆ ప్రాంతపు గ్రామములలో కుడిమరామత్తు అను ఆచారము ఉండెడిది. కాలువలలో పూడిక తీయుటకు, తెగిన గట్లను పూడ్చుటకు ప్రతి కుటుంబము తన వంతు శ్రమను ఇచ్చెడిది. నీటిని వాడుకొనువారే నీటిదారిని కాపాడెడివారు. ఈ ఆచారము సడలిన చోట్ల చెరువులు పూడిపోయెను; కాలువలు మొక్కలతో నిండెను.

కాటన్ కాలమునకు కావేరి నీరు ఎక్కువ భాగము కొల్లడము అను పాయలోనికి పోవుచుండుటచే తంజావూరు పొలములు ఎండిపోవుచుండెను. ఆయన 1836లో కొల్లడముపై రెండు ఆనకట్టలను కట్టించెను. ఇసుకలో ఇటుకబావులను దింపి వాటిపై కట్టడమును లేపెను. ఆ మరుసటి యేటినుండియే పొలములకు నీరు సమృద్ధిగా అందెను. అయితే నది ఊరకుండలేదు. కొన్ని యేండ్లకు ఈసారి కావేరి పాయయే లోతుగా కోసుకొనిపోవ నారంభించెను. కావున ఇంజనీర్లు ఆనకట్టలో కొంత భాగమును తగ్గించి, 1845లో కావేరి ముఖమున మరియొక అడ్డుకట్టను కట్టవలసివచ్చెను. నదిపై చేసిన ప్రతిపనికి నది ప్రతిస్పందించును. కట్టినవారు ఆ స్పందనను యేటేట గమనించుచు సరిదిద్దుకొనవలెను. కట్టడము పూర్తియైన దినమున పని పూర్తికాదని ఈ అనుభవము తెలిపెను.

ఆ దినములలో తెలుగుదేశపు స్థితి మిక్కిలి దయనీయముగా ఉండెను. 1832–33లో గుంటూరు సీమను నందన కరువు పీడించెను. దానినే డొక్కల కరువు అనియు జనులు చెప్పుకొనిరి. ఆ సీమలోని ఐదు లక్షల జనములో రెండు లక్షలమంది వరకు మరణించిరని అంచనా. తిండిలేక ఊళ్లు విడిచి మద్రాసు బాట పట్టినవారిలో అనేకులు త్రోవలోనే కూలిరి. విచారింపదగిన విషయమేమనగా, ఆ గుంటూరు సీమ ప్రక్కనుండియే కృష్ణానది నిండుగా ప్రవహించి సముద్రమున కలియుచుండెను. గోదావరి సీమ గతియు ఇంతకన్న మెరుగుగా లేదు. ఒక యేడు వానలు లేవు. మరియొక యేడు వరద. సముద్రపు ఉప్పెనలు, తుపానులు ఇంకొక బాధ. 1821లో సుమారు 7,38,000 ఉన్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు తగ్గెను. కంపెనీ పాలకులు శిస్తు వసూలుపై చూపిన శ్రద్ధను చెరువులు, కాలువల మరమ్మతుపై చూపలేదు. పంట లేనప్పుడు శిస్తు మాత్రము ఎక్కడినుండి వచ్చును? బొక్కసమునకు గూడ యేటేట నష్టమే మిగిలెను.

అట్టి సమయమున కాటన్ గోదావరి తీరమునకు వచ్చెను. ఆయన గుఱ్ఱముపైనను, కాలినడకనను డెల్టా ప్రాంతమంతయు తిరిగి నేలవాలును కొలిచెను. నది పల్లములో పారదనియు, తాను తెచ్చిన ఒండ్రుతో తానే తన గట్లను పెంచుకొని పొలములకన్న ఎత్తున పారుచున్నదనియు కనుగొనెను. నీటిని కొంచెము పైకి లేపి కాలువలలోనికి మళ్లించినచో, అది తనంతట తానే డెల్టా అంతట ప్రాకిపోవును. 1844లో, ఆ పిమ్మట ఆయన పంపిన నివేదికలలో ఈ సంగతి వివరింపబడెను. ఆనకట్ట, కాలువలు, వరదగట్లు, మురుగుకాలువలు, పడవల లాకులు, వంతెనలు అన్నియు ఒకే పథకములోని అంగములని ఆయన వాదించెను. నీరు పెట్టుట ఎంత ముఖ్యమో, ఎక్కువైన నీరు తీసివేయుట అంత ముఖ్యము. పండిన ధాన్యము అమ్ముడుపోవలెనన్న త్రోవ ఉండవలెను. కావుననే ఆయన కాలువలు పడవలు నడచునంత వెడల్పుగా ఉండెను.

పథకము మంచిదైనంత మాత్రమున ధనము దొరకదు. ఆనకట్టకు సుమారు నాలుగు లక్షల డెబ్బదియైదు వేల రూపాయలు కావలెనని కాటన్ అంచనా వేసెను. ఆ కాలమునకు అది పెద్ద మొత్తము. సముద్రమునకు ఆవల లండనులో కూర్చుండిన కంపెనీ డైరెక్టర్లను ఒప్పింపవలెను. కాటన్ తంజావూరు లెక్కలను వారి ముందుంచెను. నీటిపారుదల ఉన్న తంజావూరు యేటేట ఎట్లు వృద్ధిపొందుచున్నదో, నీటి వసతి లేని రాజమహేంద్రవరము ఎట్లు క్షీణించుచున్నదో సరిపోల్చి చూపెను. పని చేయుటకయ్యెడి ఖర్చును మాత్రమే చూడరాదు. చేయకపోవుటచే కలుగు నష్టమును గూడ ఖర్చుగానే లెక్కింపవలెనని ఆయన వాదము. తుదకు 1846 చివర అనుమతి లభించెను.

1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమాయెను. అక్కడ గోదావరి లంకల నడుమ నాలుగు పాయలుగా చీలును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను కట్టవలసివచ్చెను. రాతికట్టడపు పొడవు మొత్తము సుమారు 12,000 అడుగులు. ఇసుకలో బావులు దింపి పునాదులు వేసిరి. వాటిపై కట్టకు దిగువన పెద్దపెద్ద రాళ్లను పరచిరి. కట్టపైనుండి దూకెడి నీరు అడుగునున్న ఇసుకను తవ్వివేయకుండ ఆ రాతిపరపు కాపాడును. ధవళేశ్వరపు కొండనుండి రాతిని ఇనుప పట్టాలపై బండ్లతోను, పడవలతోను తెచ్చిరి. వేసవిలో నది తగ్గియున్న కొద్ది నెలలలోనే పని సాగవలెను. ఒక్కొక్క సమయమున పదివేలమంది వరకు కూలీలు పనిచేసిరి. ఎండకు మాడుచు రాళ్లు మోసిన ఆ స్త్రీపురుషుల పేర్లు ఏ పుస్తకమునను లేవు. కాని ఆ కట్టడమున వారి చెమట కలదు. వారిని కూర్చి, పని నడిపించి, కాటన్‌కు కుడిభుజముగా నిలిచినవాడు వీణెం వీరన్న అను తెలుగువాడు. దేశపరిచయము, భాష, పనివారిపై పలుకుబడి గల వీరన్న లేనిదే పని అట్లు సాగియుండెడిది కాదు.

పూర్తికాని కట్టపై వరదలు విరుచుకుపడెను. కాటన్ ఆరోగ్యమును చెడెను. 1848లో ఆయన సెలవుపై వెళ్లవలసిరాగా, ఆయన స్థానమున కెప్టెన్ ఓర్ అను యువ ఇంజనీరు పనిని నడిపెను. కాటన్ తిరిగివచ్చి, 1852లో ఆనకట్టను పూర్తిచేసెను. కాని మరమ్మతు ఆనాటినుండియే మొదలాయెను. వరదలో కొట్టుకొనిపోయిన రాళ్లకు బదులు మరల రాళ్లు వేయుట, కాలువల పూడిక తీయుట, గట్లకు మట్టి పోయుట యేటేటి పని యయ్యెను. 1860వ దశకములో కట్టను రెండడుగులు ఎత్తుచేసిరి; ఆ శతాబ్దాంతమున మరల కొంత పెంచి, వరద వచ్చినప్పుడు పడిపోవు తలుపులను అమర్చిరి. ఒక తరము కట్టినదానిని తరువాతి తరము పెంచుకొనెను.

ధవళేశ్వరపు విజయము కృష్ణా తీరమునకు ఆశ కలిగించెను. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చునను ఆలోచన 18వ శతాబ్ది చివరినుండియు ఉండెను. ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నది ఇరుకుగా పారును. రెండు ఒడ్డులను రాయి సమృద్ధిగా దొరకును. అయినను అర్ధశతాబ్దమునకు పైగా అది కాగితములమీదనే నిలిచెను. గోదావరిపై పని ఫలించుచుండగా, కాటన్ మొదలగువారి ప్రోత్సాహమున కృష్ణా ఆనకట్టకు అనుమతి లభించెను. గోదావరివద్ద అనుభవము గడించిన ఓర్ 1852లో పని మొదలిడి 1855లో ముగించెను. సుమారు 3,700 అడుగుల పొడవుగల ఆ కట్ట కృష్ణా జలమును తూర్పున బందరు, ఏలూరు కాలువలకును, పడమర గుంటూరు సీమ కాలువలకును మళ్లించెను. డొక్కల కరువున జనులు ఆకలితో నడచిన నేలలో వరిపైరు పచ్చగా లేచెను. గుణదల ప్రక్కనుండి పడవలు సాగుటయు అప్పటినుండియే.

అయితే కాటన్ తలపెట్టిన పనులన్నియు ఫలించెనని తలంపరాదు. తుంగభద్రపై సుంకేసులవద్దనుండి కర్నూలు, కడప సీమలకు ఒక పెద్ద కాలువ త్రవ్వవలెనని ఆయన సూచించెను. ఇంగ్లండులో ఒక ప్రైవేటు కంపెనీ ఏర్పడెను. దాని మూలధనముపై నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చెను. 1860వ దశకములో త్రవ్వకము సాగెను. ఖర్చు అంచనాలను మించిపోయెను. కాలువకు నీరు వచ్చినను రైతులు దానిని ఎక్కువగా తీసికొనలేదు. ఆ సీమ నల్లరేగడి నేలలలో వానకు పండు మెట్టపైరులే వారికి అలవాటు. నీటి పన్ను కట్టి క్రొత్త పంట వేయుటకు వారు వెనుదీసిరి. వడ్డీ హామీ ఉండుటచే పొదుపుగా పనిచేయవలెనను జాగ్రత్తయు కంపెనీకి తగ్గెను. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. డెల్టా రైతునకు తగిన పథకము రేగడి రైతునకు తగకపోవచ్చును. ఎవరికొరకు పని చేయుచున్నామో వారి నేలను, వారి అలవాటును, వారి అభిప్రాయమును ముందుగా తెలిసికొనుట కొలతలు తీయుటవంటిదే. కర్నూలు–కడప కాలువ ఈ పాఠమును ఖరీదుగా నేర్పెను.

కాటన్‌కు 1861లో సర్ బిరుదము లభించెను. ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరినను ఆయన విశ్రమింపలేదు. రైలుమార్గములపై కోట్లు వెచ్చించుచు కాలువలను నిర్లక్ష్యము చేయుచున్నారని పాలకులతో పోరాడెను. 1876–78లో దక్షిణదేశమును మహాక్షామము ఆవరించి లక్షలమందిని బలిగొన్నప్పుడు, గోదావరి, కృష్ణా డెల్టాలు తమ ప్రజలను పోషించుటయే కాక ఇతర ప్రాంతములకును ధాన్యమును పంపెను. కాటన్ వాదమునకు అంతకన్న సాక్ష్యము అక్కరలేదు. అయినను 1878లో పార్లమెంటు నియమించిన సంఘము ఆయనను గట్టిగా ప్రశ్నించి, ఆయన కోరిన విస్తారమైన కాలువల పథకమును అంగీకరింపలేదు. ఆయన నిరాశపడక, వార్ధక్యమున డోర్కింగు అను ఊరిలో నివసించుచు, సేద్యములో ప్రయోగములు చేయుచు కాలము గడపెను. 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున మరణించెను.

ఆయన అనంతరము ఆ కట్టడముల చరిత్ర ఆగలేదు. తొంబదియేడేండ్లు నిలిచిన కృష్ణా ఆనకట్టకు 1952లో గండిపడెను. డెల్టా పంటలు ప్రమాదమున పడగా తాత్కాలికముగా కట్టవేసి కాపాడి, 1954లో క్రొత్త బ్యారేజీని ప్రారంభించి 1957లో పూర్తిచేసిరి. ఆ సంవత్సరమే పరమపదించిన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు దానికి పెట్టిరి. ధవళేశ్వరమునందును పాత ఆనకట్టకు బదులు క్రొత్త బ్యారేజీని 1970వ దశకములో మొదలిడి 1982 నాటికి పూర్తిచేసి దానికి కాటన్ పేరే పెట్టిరి. నేడు ఆ బ్యారేజీ క్రింద పదిలక్షల ఎకరములకు పైగా సాగగుచున్నది.

2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశము బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చెను. అంతకు మునుపు ఎన్నడును అంత వరద అచ్చట నమోదు కాలేదు. కొట్టుకొనివచ్చిన పడవలు తాకి కొన్ని తలుపుల బరువుదిమ్మలు దెబ్బతినెను. అయినను బ్యారేజీ నిలిచెను. దెబ్బతిన్న భాగములను కొలదిదినములలో సరిచేసిరి. కాని అదే సమయమున నగరమునకు ఎగువన బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడెను. మహానది చేయని పనిని చిన్నయేరు చేసెను. విజయవాడలోని పల్లపు పేటలలో లక్షలమంది నీటిలో చిక్కుకొనిరి. ఎందరో ప్రాణములు కోల్పోయిరి. పెద్ద కట్టడమును అందరు చూతురు. ఊరి వెనుక పారు ఏటిగట్టును ఎవరు చూతురు? ఏటి దారిలో ఇండ్లు లేచి, పూడిక పేరుకొని, గట్లు బలహీనమైనచో వరదకు వేరొక దారి ఉండదు.

బాలబాలికలారా! కాటన్ జీవితమును చదివి ఆనకట్టలు కట్టుట గొప్పపని యని మాత్రమే తలంపకుడు. ఆయన ముందుగా చూచెను, పూర్వులనుండి నేర్చెను, లెక్కకట్టి ధనము సమకూర్చెను, అనేకుల శ్రమను కూర్చి పని ముగించెను. ఆయన విఫలుడైనచోట ఆ నేలపై బ్రతుకువారి మాట కొరవడెను. ఇక మిగిలినది కాపాడు పని. వేసవిలో కాలువలో పూడిక తీయు కూలీలను, రాత్రివేళ వరదగట్టుపై లాంతరు పట్టుకొని తిరిగిన లస్కర్లను చరిత్ర పేరుపెట్టి పిలువదు. మన ఇంటి పన్నులో, మన నీటి తీరువలో కొంతభాగము వారి పనికే పోవలెను. మీ ఊరి కాలువలో చెత్త వేయకుండుటయు, గట్టుపై చిల్లి కనిపించినప్పుడు పెద్దలకు తెలుపుటయు చిన్న పనులే. అయినను ఆనకట్టలు నిలుచునది అట్టి చిన్నపనుల మీదనే.